జాబితాలోంచి తీసేసిన పేరు

ఆ ఆదివారం పొద్దున ట్రెంట్ కాఫీ కప్పు ఎడమచేత్తో అందుకున్నాడు. జరిగింది అంతే. మిగతాదంతా మార్లిస్ తన చేతులారా చేసుకున్నదే.

పొయ్యి మీద గుడ్లు వేగుతున్నాయి. ఆమె భర్త రోలీ పేపర్లో తల దూర్చి కూర్చున్నాడు. ట్రెంట్ వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. ముప్ఫయ్యొకటేళ్ళవాడు, బేస్‌బాల్‌లో బంతి విసిరే ఆటగాడు, పేరున్న పిచర్. బంతైనా చెంచా అయినా బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కుడిచేత్తో పట్టినవాడే. కిందటేడాది మోచేతి లిగమెంటు తెగి ఆపరేషన్ అయింది. పదహారు నెలలు నానా అవస్థా పడి, విసరడం మళ్ళీ మొదట్నుంచి నేర్చుకుని, ఈ నెలరోజులుగా ఊళ్ళోని చిన్న జట్టుకు ఆడుతూ అమ్మానాన్నల దగ్గరే ఉంటున్నాడు. శుక్రవారం పెద్ద జట్టు నుంచి కబురొచ్చింది. చెయ్యి బాగుపడిందని ప్రకటించేశారు, బుధవారం ఆటలో బంతి ట్రెంట్‌దే.

"పై గుండీలు పెట్టుకోలేదేంట్రా?" అంది మార్లిస్.

"ఉక్కగా ఉందమ్మా."

ఉక్కా లేదు ఏమీ లేదు. ఐయోవాలో సెప్టెంబరు గాలి కిటికీలోంచి చల్లగా వీస్తోంది. మార్లిస్ కొడుకు కుడిచేతి వంక చూసింది. ఆ చెయ్యి బల్ల కింద తొడ మీద పెట్టుకుని ఉన్నాడు. అయినా ఆమె ఏమీ అడగలేదు, గుడ్లు వడ్డించి బట్టలుతికే గదిలోకి వెళ్ళి తలుపు చేరవేసుకుంది.

మార్లిస్ ఇరవయ్యారేళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆ బస్సు గ్యారేజీవాళ్ళు పదిమంది కలిసి పన్నెండేళ్ళుగా ఫాంటసీ లీగ్ ఆడుతున్నారు. ఏటా వసంతంలో గ్యారేజీలో డోనట్లు తింటూ నిజం ఆటగాళ్ళను ఒక్కొక్కరినే పంచుకుంటారు. వాళ్ళు మైదానంలో ఎంత బాగా ఆడితే వీళ్ళకు అన్ని మార్కులు. గెలిచినవాళ్ళింటి గోడ మీద ఏడాదిపాటు పాత బస్సు స్టీరింగు ఒకటి వేలాడుతుంది. అది మార్లిస్ గుమ్మం ఇంతవరకూ తొక్కలేదు.

ట్రెంట్‌ను మాత్రం ఏటా ఆమెకే వదిలేస్తారు, ఎవరూ అడ్డు రారు. ఆపరేషన్ అయ్యాక కూడా ఆమె అతణ్ణి వదల్లేదు, గాయపడ్డవాళ్ళ బెంచీ మీద ఏడాది పైన అట్టే పెట్టింది. ఇప్పుడు బాగుపడ్డాడని ప్రకటించడంతో బెంచీ దిగి ఆమె జట్టులో ఒక చోటు ఆక్రమించాడు. వచ్చిన చిక్కల్లా అదే.

ఆ రోజు లీగులో సెమీఫైనల్ ఆఖరి రోజు. మెకానిక్ వెండెల్ ఆమెకన్నా నాలుగు మార్కులు ముందున్నాడు. మధ్యాహ్నం ఆడబోయే కుర్ర పిచర్ ఒకడు ఎవరి జట్టులోనూ లేకుండా ఖాళీగా ఉన్నాడు. వాణ్ణి తీసుకుంటే గెలవచ్చు, కానీ చోటు కావాలి. బుధవారం ట్రెంట్ విసరలేడని వంటింట్లోనే ఆమెకు తెలిసిపోయింది. విసరలేనివాడికి చోటెందుకు?

ఫోను తీసి కొడుకు పేరు మీద నొక్కింది. తీసేయడం ఖాయమేనా అని ఫోను అడిగింది. ఖాయమే అని నొక్కింది. ఆ చోట్లో కుర్ర పిచర్‌ను పెట్టుకుంది.

ఆ లీగులో ఎవరు ఎవర్ని తీసేసినా మిగతా తొమ్మిదిమందికీ అదే క్షణంలో కబురు వెళ్తుంది. ఆ సంగతి మార్లిస్‌కు తెలీక కాదు. గెలుపు మీద కన్నేసిన మనిషికి అది గుర్తు రాలేదు, అంతే.

వెండెల్ చెడ్డవాడేం కాదు, కాకపోతే నోట్లో నువ్వుగింజ నానదు. ఇంటర్నెట్‌లో అభిమానులు పోగయ్యే పేజీలో వేళాకోళంగా ఒక ముక్క రాసి పడేశాడు: 'ట్రెంట్ హాగెన్‌ను కన్నతల్లే జట్టులోంచి పీకేసింది. ఆ మోచెయ్యి సంగతి ఆవిడకన్నా ఎవరికి తెలుసు?' ఫాంటసీ ఆడేవాళ్ళకు అలాంటి ముక్క దొరికితే పండగే. మధ్యాహ్నానికల్లా ముక్కూ మొహం తెలియని వేలమంది ట్రెంట్‌ను తమ జట్లలోంచి తీసేశారు.

ఆ మాట పెద్ద జట్టు దాకా పాకి, రెండింటికి వాళ్ళ డాక్టరు ఫోన్ చేశాడు. ట్రెంట్ పెరట్లో నిలబడి మాట్లాడి, లోపలికొచ్చి తల్లి ఎదురుగా నిలబడ్డాడు.

"నన్ను తీసేశావా అమ్మా?"

మార్లిస్‌కు తల కొట్టేసినట్టయింది. "పొరపాట్న వేలు తగిలింది నాన్నా," అంది.

"వేలు తగిలితే ఖాయమేనా అని ఫోను అడుగుతుంది. అప్పుడు కూడా తగిలిందా?"

రోలీ పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"రేపు పొద్దున్నే స్కానింగుకి రమ్మంటున్నారు," అన్నాడు ట్రెంట్. "బుధవారం ఆట లేదట. వేరేవాణ్ణి చూసుకుంటున్నారు. ఇంతకీ ఎందుకు తీసేశావో చెప్పు."

"కప్పు ఎడమచేత్తో పట్టుకున్నావు." మార్లిస్ తల వంచుకుంది. "చూశాను. వెండెల్ మీద గెలవాలనిపించింది."

"చూశావా?"

"చూశాను."

ట్రెంట్ కిటికీ వైపు తిరిగాడు. తిట్టినా బాగుండునని ఆమెకు అనిపించింది.

"పది రోజుల్నుంచి దాస్తున్నానమ్మా. డాక్టర్ల దగ్గర దాచాను, జట్టువాళ్ళ దగ్గర దాచాను. పదహారు నెలలు అందరూ నా కోసం కాచుక్కూర్చుంటే మళ్ళీ నొప్పని చెప్పడానికి సిగ్గేసింది. ఈ ఇంట్లో ఎవరైనా ఒక్కసారి అడిగితే చెప్పేసేవాణ్ణి. నువ్వు చూసి కూడా అడగలేదు. ఫోనుకి చెప్పావు."

అతను తలుపు తీసుకుని బయటికెళ్ళిపోయాడు. మొక్కజొన్న చేల పక్కనుంచి చేతులు జేబుల్లో పెట్టుకుని నడిచిపోవడం కిటికీలోంచి కనిపించింది.

"నేనూ చూశాను," అన్నాడు రోలీ మెల్లగా. "అడగలేదని వాడు నిన్నంటున్నాడు గానీ, నేనేం ఒరగబెట్టాను? పేపరు అడ్డం పెట్టుకున్నాను."

"నువ్వు పిరికితనంతో నోరు మూసుకున్నావు. నేను వాడి నొప్పిని వాడుకున్నాను. రెండూ ఒకటి కాదు."

సాయంత్రం వెండెల్ ఫోన్ చేశాడు. "గెలిచావు మార్లిస్. నీ కుర్రాడు ఇరగదీశాడు. ఆరు మార్కులు ఎక్కువ."

నీ కుర్రాడు అన్న మాట ఆమెకు సూదిలా గుచ్చుకుంది. వెండెల్ కూడా అటువైపు గొంతు సవరించుకున్నాడు.

"ఆ రాసిన ముక్క తీసేశాను. తీసేసి ఏం లాభంలే, సిగ్గు లేకుండా రాశాను. ఇంకో మాట. ట్రెంట్ ఇప్పుడు ఖాళీగా ఉన్నాడు కదా, కావాలంటే మాలో ఎవరైనా తీసుకోవచ్చు. ఎవ్వరం ముట్టుకోం. తొమ్మిదిమందీ అనుకున్నాం. వాడి చోటు నీ దగ్గరే."

"నా దగ్గర వాడికేం చోటు ఇచ్చాను వెండెల్," అని ఫోను పెట్టేసి, ఉతికిన తువ్వాళ్ళ మధ్య కూర్చుని ఏడ్చింది. ఫైనల్ కూడా గెలిచి ఆ స్టీరింగు తెచ్చుకున్నా ఏ గోడకు తగిలించాలి, ఆ గోడ వంక కొడుకు ఎలా చూడాలి?

మర్నాడు ఆరింటికే లేచింది. ఆస్పత్రికి బండి తనే నడుపుతానని రోలీతో చెప్పింది. ట్రెంట్ మెట్లు దిగి వచ్చాడు. రాత్రి సరిగ్గా నిద్రపోలేదని కళ్ళే చెబుతున్నాయి. పలకరించకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చొక్కా పై గుండీలు ఇవాళ కూడా ఊడే ఉన్నాయి.

మార్లిస్ కాఫీ పోసి, కప్పు పిడి అతని ఎడమచేతి వైపుకు తిప్పి పెట్టింది. అతను ఆ పిడి వంక చూసి తలెత్తాడు. ఆమె ముందుకు వంగి, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు పెట్టినట్టు ఒక్కొక్క గుండీ పెట్టింది. ట్రెంట్ వారించలేదు.

"నీ మొహం చూడ్డానికి నాకు సిగ్గుగా ఉందిరా," అంది. "నిన్న అడగాల్సింది ఇవాళ అడుగుతున్నాను. ఎక్కడ నొప్పి?"

ట్రెంట్ బల్ల కిందనుంచి కుడిచెయ్యి పైకి తీసి, పళ్ళేల మధ్య చాపి, ఎడమచేతి వేలితో మోచేతి లోపలి వైపు ముట్టుకుని చూపించాడు.

"ఇక్కడమ్మా."