నులకమంచం మీద నైట్ షిఫ్ట్

నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో దిగి, ఆ నీలం అద్దాల టవర్‌కి దారి అడిగి చూడండి. టీకొట్టు దగ్గర నిలబడ్డవాళ్లు మిమ్మల్ని పైనుంచి కింది దాకా ఒకసారి చూస్తారు. "ప్రదర్శనకా? జర చీకటి పడకముందే బయటపడున్రి" అంటారు.

నిజానికి ఆ టవర్‌కి చెడ్డపేరు రావడానికి పై అంతస్తుల్లోని సాఫ్ట్‌వేర్ కంపెనీలో జరిగేవి చాలు. జనం భయపడేది మాత్రం కింది అంతస్తుకి. అక్కడ కంపెనీవాళ్లు, సంస్కృతి మీద ఉన్నట్టుండి పుట్టుకొచ్చిన ప్రేమతో, 'మనిషి కథ' అని ఒక ప్రదర్శన పెట్టారు. చెకుముకి రాయితో మొదలై, కుండ, విసుర్రాయి, నులకమంచం, లాంతరు, టైపురైటరు మీదుగా కంప్యూటరు దాకా మనిషి వాడిన వస్తువులన్నీ వరసగా ఉంటాయి. చివర్న ఒక ఖాళీ గాజుపెట్టె. దాని మీద 'భవిష్యత్తు' అని రాసి ఉంటుంది. అది ఖాళీగా ఎందుకుందని పై అంతస్తులవాళ్లు ఎవరూ అడగలేదు. వాళ్లకి తెలుసు.

దెయ్యం ఉండేది నులకమంచం దగ్గర.

రాత్రి తలుపులు వేసేటప్పుడు మడతపెట్టి ఉన్న గొంగడి... పొద్దున్నకి పరిచి ఉండేది. నులకలో మనిషి పడుకుని లేచినట్టు గుంట. ఒకనాడు ఊడ్చే ఆవిడ గొంగడి దులుపుదామని చెయ్యి వేసింది —

వెచ్చగా ఉంది.

చీపురు అక్కడే వదిలేసి పోయింది. చీపురునే కాదు, ఉద్యోగాన్ని కూడా.

ఈ తలనొప్పంతా భీమేశ్వరరావుకి చుట్టుకుంది. ఆయనది ద్రాక్షారామం. కంపెనీలో హెచ్.ఆర్. మేనేజరు. అంటే మనుషుల్ని తీసుకోవడం, తీసెయ్యడం ఆయన పని. ఈమధ్య మొదటిది బాగా తగ్గింది. ఒకసారి మీటింగులో "చరిత్రంటే నాకు ప్రాణమండీ" అని నోరు జారినందుకు ప్రదర్శన కూడా ఆయన నెత్తిన పెట్టారు.

దెయ్యం సంగతి తేల్చమంటే ఆయన తనకి తెలిసిన విద్యే ప్రయోగించాడు. 'దెయ్యం: ఒక ఉత్పాదకత సమస్య' అని పవర్‌పాయింట్ తయారుచేసి, కాపలావాళ్లందర్నీ కూర్చోబెట్టి చూపించాడు. వాళ్లు శ్రద్ధగా సమోసాలు తిన్నారు. ఆ సాయంత్రమే పని మానేశారు.

మిగిలింది సాయిలు ఒక్కడు. అతనూ లోపలి కాపలా వదిలేసి బయట మెట్ల మీద కుర్చీ వేసుకున్నాడు.

"లోపలికెందుకు వెళ్లవయ్యా?"

"లోపట భరత్ సార్ ఉన్నడు సార్."

భీమేశ్వరరావు గబుక్కున తలుపు వైపు తిరిగాడు.

"ఏ భరత్?"

"టెస్టింగ్‌ల ఉండె గదా, గా భరత్ సార్. అద్దంలకెళ్లి చూసిన. మంచం మీద కూసొని ఉండె." సాయిలు గొంతు తగ్గించాడు. "పాపం, చిన్న వయసుల సచ్చిపోయిండు... మీరే రాసిన్రు గద సార్, అందరికి."

నిజమే, రాశాడు. భరత్‌ని తీసేసినరోజు అందరికీ మెయిలు పెట్టాలి. మాతృభాషా వారోత్సవాలు నడుస్తున్నాయి కదా అని తెలుగులో పెట్టాడు. 'మన సహోద్యోగి భరత్ ఇక మన మధ్య లేరు. ఆయన సేవలు మరువలేనివి.' సాయంత్రానికి సంతాపాలు కుప్పతెప్పలుగా వచ్చాయి. ఎవరో పూలదండ కూడా పంపారు. తప్పు దిద్దుతూ మళ్లీ మెయిలు పెడితే పరువు పోతుందని భీమేశ్వరరావు ఊరుకున్నాడు.

"నేను రాసింది చచ్చిపోయాడని కాదయ్యా."

"మరేమని సార్?"

అసలు భరత్ ఉన్నాడో లేడో ఆయనకీ తెలీదు. తీసేసిన సంగతి వీడియో కాల్‌లో చెబుతుంటే, భరత్ ఏదో అడగబోయాడు. "మీరు మ్యూట్‌లో ఉన్నారండీ, వినపడట్లేదు" అని ముగించాడు భీమేశ్వరరావు. మ్యూట్ చేసింది తనే. ఆ తర్వాత ఫోను చేద్దామని చాలాసార్లు అనుకున్నాడు. తీసేసినవాళ్లకి ఫోను చెయ్యకూడదని రూలు. ఆ రూలు రాసిందీ తనే.

మర్నాడు బెంగళూరు నుంచి వైస్ ప్రెసిడెంటు హర్షిణి వస్తోంది, ప్రదర్శన చూడ్డానికి. ఈ విడత హెచ్.ఆర్.వాళ్లని కూడా తీసేస్తారని గాలివార్త. దెయ్యం భయం ఒకవైపు, హర్షిణి భయం ఒకవైపు. హర్షిణే గెలిచింది.

ఆ రాత్రి టార్చి పట్టుకుని తనే లోపలికి నడిచాడు.

"నేనీడనే ఉంట సార్, ఫికర్ చెయ్యకున్రి" అంటూ సాయిలు వెనకనుంచి తలుపు దగ్గరికి వేశాడు. ఆ గొంతు విన్నాకే ఫికరు మొదలైంది.

లోపల చీకటి... చలి... రాతియుగం గొడ్డలి మీద టార్చి పడింది. దాన్ని కోకాపేటలో పునాదుల కోసం పేల్చిన బండల్లోంచి తనే ఏరుకొచ్చాడు. ఈ క్షణంలో మాత్రం అది నిజంగానే రాతియుగందిలా ఉంది.

కుండ దాటాడు. విసుర్రాయి దగ్గరికొచ్చాడు —

కిర్రు...

ఆగాడు.

కిర్రు... కిర్రు...

నులక సాగే చప్పుడు.

"భీమేశ్వరా..." అన్నాడు. తనని తానే పిలుచుకున్నట్టుంది గానీ, పిలిచింది ఊళ్లో దేవుణ్ణి.

టార్చి ఎత్తాడు. గొంగడి కింద ఒక ఆకారం. ముందు పాదాలు చూడాలని, అవి వెనక్కి తిరిగుంటే పరిగెత్తాలని చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పింది. చూశాడు. పాదాలకి సాక్సులున్నాయి. కంపెనీ వార్షికోత్సవానికి బోనస్ బదులు పంచిన సాక్సులు.

గొంగడి నెమ్మదిగా జారింది. మాసిన గడ్డం, పాలిపోయిన మొహం... భరత్!

"సార్..." గుసగుసగా అంది ఆ మొహం. "ఇప్పుడు వినపడతాందా?"

టార్చి చేతిలోంచి జారిపోయింది. భీమేశ్వరరావు విసుర్రాయి మీదే కూలబడ్డాడు.

"నువ్వు... ఉన్నావా?"

"ఉండా సార్. ఎట్లుండానో మాత్రం అడగొద్దు."

భరత్‌ది ప్రొద్దుటూరు. గోపన్‌పల్లిలో కాపురం. ఉద్యోగం పోయిందని భార్యకి చెప్పలేక, నైట్ షిఫ్ట్‌కి మార్చారని చెప్పాడు. పగలు ఇంటర్వ్యూలకి తిరగొచ్చు, కాసేపు పడుకోవచ్చు. కానీ రాత్రి ఎక్కడో ఒకచోట ఉండాలి కదా!

"స్టేషన్లో పండుకుంటే లేపుతారు సార్. పార్కులో దోమలు. ఈడైతే మూసేముందు జనంతోబాటు లోపలికొచ్చి, టైపురైటర్ బల్ల కింద దాక్కుంటా. అందరూ దెయ్యమనుకుంటా ఉండారని తెలుసు." గొంగడి భుజాల మీదికి లాక్కున్నాడు. "అదే మేలనుకున్యా. దెయ్యాన్నైతే ఎవరూ తీసెయ్యరు కదా సార్."

భీమేశ్వరరావు, రాత్రంతా ఉండాల్సొస్తుందేమోనని తన భార్య కట్టిచ్చిన పెరుగన్నం డబ్బా భరత్ ముందుకి జరిపాడు. భరత్ వద్దనలేదు. అతను ఎంత గబగబా తిన్నాడో చూడలేక, భీమేశ్వరరావు కింద పడ్డ టార్చి తీసి ఆర్పేశాడు.

తెల్లవారాక ఇద్దరూ బయటికొస్తుంటే, సాయిలు దెయ్యాన్ని చూసి లేచి సెల్యూట్ కొట్టాడు. అలవాటు!

పొద్దున్నే హర్షిణి వచ్చింది. "ఏం భీమ్, దెయ్యాన్ని పట్టుకున్నారా?"

"అదీ... దెయ్యమేం లేదండీ..."

"ష్! ఆ మాట బయట అనకండి. ఇన్‌స్టాలో మన గురించి మాట్లాడుకునేది ఆ దెయ్యం వల్లే. కుండలు చూడ్డానికి ఎవరొస్తారు? రాత్రి షో పెడదాం. ఎవరైనా మనిషిని చూడండి, దెయ్యంగా."

"ఉన్నాడండీ." ఆయన ప్రమేయం లేకుండానే నోరు అనేసింది. "అనుభవం కూడా ఉంది."

టెస్టింగ్‌కి పనికిరాడని భరత్‌ని తీసేసిన కంపెనీయే దెయ్యంగా పనికొస్తాడని మళ్లీ తీసుకుంది. ఊరికే కాదు, ఇంటర్వ్యూలు చేసి మరీ. అయిదేళ్ల తర్వాత ఎక్కడుంటావని అడిగితే "ఈ మంచం మీదే" అన్నాడు. నిలకడ ఉన్నవాడని రాసుకున్నారు. హోదా, నైట్ ఎక్స్‌పీరియన్స్ అసోసియేట్. ఇంట్లో చెప్పిన అబద్ధం అక్షరం మారకుండా నిజమైపోయింది.

మొదటి షో రోజు హాలు నిండిపోయింది. భీమేశ్వరరావు సాయంత్రమే సైలెంట్‌లో పెట్టిన ఫోను జేబులో వేసుకుని జనం వెనక నిలబడ్డాడు. దీపాలు ఆరాయి.

కిర్రు... కిర్రు...

గొంగడి లేచింది. ముసుగులోంచే ఆకారం ఒక్కొక్కళ్లనీ చూసింది... ఎవర్నో వెతుకుతున్నట్టు. ముందు వరసలో ఎవరో కెవ్వుమన్నారు. ఆకారం మంచం దిగింది. విసుర్రాయి ముందు కూర్చుంది. పిడి పట్టుకుంది.

గర్ర్... గర్ర్...

ఇది అనుకున్నదాంట్లో లేదు. పైగా, ఎవరూ ఎత్తుకుపోకుండా ఆ రెండు రాళ్లనీ సిమెంటుతో అతికించేశారు. 'గట్టివాడే, ఎలా ఊడదీశాడో!' అనుకుని మురిసిపోయాడు భీమేశ్వరరావు. హర్షిణి దూరం నుంచి బొటనవేలు ఎత్తి చూపించింది. చప్పట్లు మోగిపోయాయి.

ఆ ఉత్సాహంతో మెట్ల మీదికి వచ్చాడు. సాయిలు కుర్చీలోంచి లేచి మంచినీళ్లిచ్చాడు. జేబులో ఫోను వణుకుతోంది.

భరత్!

"సార్, ఏమీ అనుకోవద్దండి." అవతల ఎవరో పసిపిల్ల ఏడుస్తోంది. "పాపకి జ్వరం. ఆస్పత్రిలో ఉండాం. సాయంత్రం నుంచి మీకు చేస్తానే ఉండా, ఎత్తలేదు. షో రద్దు చేసినారా?"

లోపల విసుర్రాయి తిరుగుతూనే ఉంది.

భీమేశ్వరరావు ఫోను చెవికి ఆనించుకునే, అద్దంలోంచి లోపలికి చూశాడు. అంతమంది జనంలోంచి, ఆ ముసుగు మెల్లగా ఆయన వైపు తిరిగింది.

"సార్? ఉండారా?"

"ఉన్నానయ్యా..." ఒక మెట్టు వెనక్కి దిగాడు. "నువ్వే వచ్చావనుకుని... హాజరు వేసేశాను."