నీటిచక్రం గది కిటికీ

హోల్‌రాయిడ్ మిల్లు వెనక, కాలవ గట్టున, పాడుపడ్డ నీటిచక్రం గది ఒకటుంది. పొద్దుగూకితే అటు ఎవరూ పోరు.

మా ఊళ్ళో పూలనేత మగ్గం మొదట పెట్టినవాడని హోల్‌రాయిడ్‌కి చౌరస్తాలో విగ్రహం నిలబెట్టారు. ఆ మగ్గాన్ని ఊహించి, గీసి, బిగించింది మాత్రం ఆయన భాగస్తుడు ఏమస్ సగ్డెన్ అంటారు ముసలాళ్ళు. పేరు దక్కక కుళ్ళి కుళ్ళి, చివరికి ఆ చక్రం కిందే పడి చచ్చాడట. ఇప్పటికీ కిటికీలో కనిపిస్తాడట... పెదాలు కదుపుతూ.

మొన్న డిసెంబరులో, మిల్లులో నా ఎదురు వరసలో నేసే లెటీకి కనిపించాడు.

ఆ వారమే మేస్త్రీ పిల్లింగ్ ఆమెకి కొత్త పూలనేత మగ్గాలు నాలుగూ ఇచ్చాడు. ఆమె వద్దంటే అవి నాకు. నేను ఎనిమిదేళ్ళుగా నేస్తున్నాను. లెటీ మూడేళ్ళు!

"మూతి ముడవకే జెమైమా," అన్నాడు పిల్లింగ్. "దాని చేతిలో నూలు మోసే నాడె వెన్నలా జారుతుంది. నీ చేతిలోనా, దెబ్బలాడుతుంది."

అందరితోపాటు నేనూ నవ్వాను. రాత్రి రొట్టె ముట్టకుండా పక్కకి నెట్టేశాను.

మర్నాడు సాయంత్రం మిల్లు ఆరింటి కూత అయ్యాక, పొగమంచులో, లెటీ ఒక్కతే ఆ గట్టు మీదుగా వస్తోంది. దగ్గర దారని.

కిటికీలో కొవ్వొత్తి వెలిగింది. దాని వెనక... తెల్లగా పాలిపోయిన మొహం.

పెదాలు కదిలాయి. చప్పుడు లేదు. మగ్గాల హోరులో పెదాలు చూసే మాట్లాడుకుంటాం మేం. లెటీకి చెవులతో పని లేదు.

'మగ్గాలు... వదిలెయ్.'

చెక్కచెప్పు ఊడిపోయినా ఆగకుండా పరిగెత్తింది.

ఊరంతా చెప్పుకునే కథ ఇంతవరకే. మిగతాది ఎవరికీ చెప్పలేదు — ఆ మొహం నాది. పడుగుకి పెట్టే గంజి పులుముకున్నాను.

పొద్దున లెటీ మగ్గాలు వద్దంది. పిల్లింగ్ నన్ను వాటి ముందుకి తోశాడు. నాడెలు అటూ ఇటూ పరుగులు మొదలెట్టాయి. ఆ హోరులో, ఎదురు వరస నుంచి, లెటీ పెదాలు కదిపింది.

"జాగ్రత్తే పిల్లా. కిటికీలో ఇద్దరున్నారు."

"ఇద్దరా?"

"ముందు ఆ తెల్లమొహం. దాని భుజం మీదుగా ఒక ముసలాడు. వాడు నావైపు చూడనే లేదు. దాన్నే చూస్తూ, ఏదో అడుగుతున్నాడు..."

"ఏమని?"

లెటీ పెదాలు మెల్లగా విడివడ్డాయి.

"నీకూ దక్కలేదా?"