వడపోసిన గొంతు

నీలవేణి తలంటుకుని వచ్చేసరికి బాల్కనీలోంచి ఏదో శబ్దం. ఆగి ఆగి వస్తోంది, గొంతుకేదో అడ్డుపడినట్టు. పావురమేమో అనుకుని తలుపు తీసింది. భర్త బానోజీ చేతుల్లో మొహం దాచుకుని ఏడుస్తున్నాడు.

ఆమె చెయ్యి చెవి దగ్గరికి వెళ్లింది. మృదుశ్రవణి లేదు. కుంకుడు నురగతో పాటు జారిపోయినట్టుంది.

విశాఖలో ఇప్పుడు అది లేని చెవి లేదు. ఒకప్పుడు అది ఫోన్లలో బూతు వ్యాఖ్యల్ని వడపోసే చిన్న సాధనం. జనానికి ప్రాణం తెరిపిన పడింది. ఇంట్లో మాటలకీ ఇలాంటిది ఉంటే బాగుండునన్నారు. దాంతో అది గింజంతై చెవిలోకి చేరింది. ఎదుటివాళ్లు ఏమన్నా, ఏడ్చినా, మనసు నొచ్చుకోని మాటగా మార్చి మెత్తటి గొంతుతో వినిపిస్తుంది. ఆలుమగల తగాదాలు పోలీసు స్టేషన్ల దాకా రావడం మానేశాయి.

"ఏటయిందండీ?"

బానోజీ తలెత్తాడు. "ఏటయిందంటావేటి? రోజూ చెప్తన్నాను కదే! రేవులో నాతో పనిచేసే అప్పన్న నా కళ్లముందే కంటైనర్ కింద నలిగిపోయాడు. కళ్లు మూస్తే వాడే. భయంగా ఉంది వేణీ, నన్నొక్కణ్నీ వదిలీకు అని ఎన్నిసార్లు బతిమాలాను! నువ్వేమో టిఫిన్ చల్లారిపోతందంటావు."

 ఇన్నాళ్లూ నీలవేణికి వినిపించింది ఒకటే మాట: 'ఇవాళ కొంచెం అలసటగా ఉంది.'

"నాకు వినబడలేదండీ!" అని అరిచింది. అతని మొహంలో ఏ మార్పూ లేదు. ఆ అరుపు అతని చెవికి ఏ చల్లని మాటగా చేరిందో! ఆమె అతని చెవిలోది లాగిపారేసింది. "ఒట్టు! నాకు వినబడలేదు!"

అతను ఉలిక్కిపడ్డాడు. తర్వాత ఆమె భుజం మీద వాలిపోయాడు. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

ఆరేళ్ల కూతురు ఈక్షిత గుమ్మంలోకి వచ్చి వింతగా చూసింది. పుట్టిన ఆసుపత్రిలోనే ఆ పిల్లకు మృదుశ్రవణి పెట్టారు. నిద్రలో కూడా తీయలేదు.

"దీనికీ వద్దు, తీసీ," అన్నాడు బానోజీ.

నీలవేణి మెల్లగా తీసింది. "బంగారూ, అమ్మనే," అంది బొంగురు గొంతుతో.

పిల్ల మొహం పాలిపోయింది. వెనక్కి వెనక్కి జరిగి గోడకు అతుక్కుపోయింది. "నువ్వు కాదు. మా అమ్మేదీ?"

"నేనేనమ్మా."

"కాదు! మా అమ్మ ఇలాగ మాటాడదు. అమ్మా! అమ్మా!"

బానోజీ ఏదో చెప్పబోతే చెవులు మూసుకుని గుక్కపట్టింది. కూతురి ఏడుపు నీలవేణి వినడం అదే మొదలు. అంత చిన్న ఒంట్లోంచి అంత బాధ వస్తుందని ఆమెకు తెలియదు. తట్టుకోలేకపోయింది. ఆ గింజను మళ్లీ పిల్ల చెవిలో పెట్టి, అదే బొంగురు గొంతుతో, "ఈక్షితా, ఇలా రామ్మా," అంది.

పిల్ల ఒక్క ఉదుటున వచ్చి మెడ కావలించుకుంది.

"ఎక్కడికెళ్లిపోయావమ్మా?" అని అడిగింది.