వాడరేవు ఫైల్

రైలు రేపల్లె చేరినా కోటిలింగం లేవలేదు.

తెనాలిలో ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నవాడు, అలాగే కూర్చుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని బోగీ ఊడ్చే మనిషి భుజం తట్టాడు. ఒళ్ళోని వేరుశనక్కాయల పొట్లం జారి కింద పడింది. మెడ వెనక సూది గుచ్చినంత ఎర్రటి చుక్క కనిపించింది.

దారి పొడుగునా అతని పక్కన కూర్చున్న పెద్దమనిషి అప్పటికే ప్లాట్‌ఫాం దాటిపోయాడు. మాడు పగిలే ఎండలో కూడా అతని చేతిలో గొడుగు మడిచే ఉంది.

చనిపోయే ముందు కోటిలింగం ఒక రహస్య నంబరుకు మెసేజ్ పంపాడు. "రేవుల ఫైళ్ళన్నీ పోల్చి చూశాను. అన్నీ ఒకటే. తప్పు వాటిలో లేదు. అందుకే భయంగా ఉంది."

* * *

బాపట్లలో ఒక చీరల కొట్టు. ఏజెంట్ ప్రేమ్‌కుమార్ గల్లా ముందు నిలబడ్డాడు.

"అతుకు లేని చీర ఉందా అండి?"

"అతుకు లేకుండా పడుగు మగ్గమే ఎక్కదు బాబూ," అంది గల్లా దగ్గర కూర్చున్న పెద్దావిడ.

కోడ్ సరిపోయింది. ఆవిడ పేరు పుల్లమ్మ. ఊరికి చీరలమ్ముతుంది, దేశానికి గూఢచారుల్ని నడుపుతుంది. తీర విభాగం చీఫ్. వెనక గదిలో లంగా గుడ్డల తాన్ల చాటున మానిటర్లు వెలుగుతున్నాయి.

"'తీరరక్ష' తెలుసుగా?"

"పడవలకి తుఫాను హెచ్చరికలు పంపే సాఫ్ట్‌వేర్. తెనాలిలో రాశారు."

"నడిసముద్రంలో సెల్ పలకదు. పడవలో ఉన్న శాటిలైట్ డబ్బా ఏం చెబితే జాలరి అదే నమ్ముతాడు. ఆ డబ్బా చేత అబద్ధం చెప్పించాలని ఒక విదేశీ ముఠా పనిచేస్తోంది. తెనాలిలో కోడ్ రాసే కోటిలింగం వాసన పట్టి నాకు మెసేజ్ పెట్టాడు, పోయాడు."

"పడవలు మునిగితే వాళ్ళకేంటి లాభం?"

"ఈ తీరానికి ఎదురుగా నేవీ సముద్రం అడుగున ఒక రహస్య పరికరం దింపింది. కాపలా నౌకలన్నీ మన జాలర్లని వెతకడానికి పోతే, దాని దగ్గర ఎవరుంటారు?"

"సిస్టమ్ ఆపేస్తే?"

"బంగాళాఖాతంలో తుఫాను లేచిందయ్యా. ఆపేస్తే హెచ్చరికే ఉండదు. అది పనిచెయ్యాలి, నిజం చెప్పాలి. అబద్ధం ఎక్కడ దాచారో పట్టుకో."

చెవిలో పెట్టుకోమని హియరింగ్ ఎయిడ్ ఇచ్చింది. లోపల ఉన్నది రేడియో. తర్వాత స్టీలు టిఫిన్ క్యారియర్ చేతికిచ్చింది. "అడుగు గిన్నెలో సిగ్నళ్ళు ఆపే జామర్. పై గిన్నెలో పులిహోర. పులిహోర మా ఇంట్లో చేసిందే, పారెయ్యకు."

* * *

ప్రేమ్‌కుమార్ వేషం రీఫాక్టరింగ్ కన్సల్టెంట్. రీఫాక్టరింగ్ అంటే ప్రోగ్రాం చేసే పని మారకుండా, లోపలి చిక్కు విప్పి, పదిచోట్ల రాసినదాన్ని ఒకచోటికి చేర్చడం. పేరు గొప్ప. చేసేది ఇల్లు సర్దడం.

తెనాలి ఆఫీసులో సర్దాల్సిన ఇల్లు చాలానే ఉంది.

"ఒక్కో రేవు పడవలకి ఒక్కో ఫైల్. కొత్త రేవు వచ్చినప్పుడల్లా పాత రేవు ఫైల్ కాపీ చేసి పేరు మార్చేస్తాం సార్," అన్నాడు చీరాల కుర్రాడు కళ్యాణ్, అదేదో ఘనకార్యమైనట్టు. "కోటిలింగం గారు అలాగే నేర్పారండి."

"ఒకదాంట్లో తప్పు దొరికితే?"

"దాంట్లో దిద్దుతామండి."

"మిగతావాటిలో?"

ఈ ఒక్కసారికి కాపీ కొడదాం అనుకునేవాడికి అది ఒక్కసారితో ఆగదని ఎవరూ చెప్పరు. చెప్పినా వినడు.

అప్పుడే ఆదిలక్ష్మి వచ్చింది. ప్రాజెక్ట్ లీడ్. నల్లంచు పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, ఆమెకన్నా ముందు గదిలోకి వచ్చిన సెంటు. ఆమె నడుస్తుంటే కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. కొందరి చూపు ఆరాధన, కొందరిది భయం.

"మా కోడ్ మీద మీకెందుకంత ఇంట్రెస్ట్?" నవ్వుతూ అడిగింది. కళ్ళు మాత్రం నవ్వలేదు.

ప్రేమ్‌కుమార్ చెవి మీద చెయ్యి పెట్టుకుని, "కొంచెం గట్టిగా చెప్పండి మేడమ్," అన్నాడు.

పని మొదలుపెట్టాడు. రేవుల ఫైళ్ళలో సమానంగా ఉన్న భాగాల్ని లాగి ఒకే ఫంక్షన్‌గా కుట్టాడు. కుట్టిన ప్రతిసారీ టెస్ట్ నడిపాడు. ఉత్తుత్తి తుఫాను పంపి, ముందు వచ్చిన జవాబే తర్వాతా వస్తోందా అని చూశాడు. వస్తోంది. ఫైళ్ళన్నీ అచ్చు గుద్దినట్టున్నాయి. ఒక్క అక్షరం తేడా లేదు.

కోటిలింగానికి దొరికింది కూడా ఇదే. అది దొరికాకే అతను చచ్చిపోయాడు.

కిటికీ అవతల ఆకాశం నల్లబడింది. తూర్పు గాలి మొదలైంది.

* * *

"హెచ్చరికలు వెళ్ళే కంట్రోల్ రూమ్ రేపల్లెలో ఉంది. చూపిస్తాను రండి," అంది ఆదిలక్ష్మి. కారు తనే నడిపింది. ఊరు దాటి, నిర్మానుష్యంగా ఉన్న చోట ఆపింది. వాన మొదలైంది.

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసి అడుగున తిప్పింది. సన్నటి సూది బయటికొచ్చింది.

"ఇది మీ కోసం ఇచ్చారు."

ప్రేమ్‌కుమార్ చెయ్యి టిఫిన్ క్యారియర్ మీద బిగిసింది. ఆమె కారు అద్దం దించి లిప్‌స్టిక్‌ను పంటకాలవలోకి విసిరేసింది. కళ్ళద్దాలు తీసింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"మాది నిజాంపట్నమండి. మా తమ్ముడు ముత్యాలరావు వేటకెళ్ళాడు. ఈ రెండ్రోజులూ ఆగరా అని ఎంత మొత్తుకున్నా వినలేదు. వాళ్ళు విదేశీ క్లయింటని వచ్చి పెద్ద ఉద్యోగం ఆశ చూపారు. పడవలు ఎక్కడున్నాయో చూసుకుంటామంటే కోడ్‌లోకి దారిచ్చాను. కోటిలింగం గారికి అనుమానమొచ్చిందని నేనే చెప్పాను. చంపేస్తారనుకోలేదండి." కొంగుతో కళ్ళొత్తుకుంది. "పడవల్ని సముద్రం లోపలికే తోలేస్తారని నిన్ననే తెలిసింది. అది ఎక్కడ దాచారో నాకు చెప్పలేదు. మా వాణ్ణి బతికించండి సార్. తర్వాత నన్నేం చేసినా సరే."

చెవిలో పుల్లమ్మ గొంతు గరగరలాడింది. "నమ్మకు. కానీ కారు దిగకు."

* * *

రేపల్లె కంట్రోల్ రూమ్ చేరేసరికి స్క్రీన్ ఎర్రబడింది. అసలు తుఫాను, అసలు రెడ్ అలర్ట్. పడవలకు సందేశం వెళ్ళడానికి మిగిలిన సమయం స్క్రీన్ మూల తరిగిపోతోంది. సిద్ధమైన సందేశాన్ని ప్రేమ్‌కుమార్ తెరిచాడు.

"తుఫాను తీరం వైపు వస్తోంది. తూర్పుకు వెళ్ళండి. నడిసముద్రం క్షేమం."

ఆదిలక్ష్మి నోరు చేత్తో మూసుకుంది.

ఉత్తుత్తి తుఫానుకు ఈ కోడ్ నిజమే చెప్పింది. అసలు తుఫానుకు అబద్ధం చెబుతోంది. టెస్ట్ అన్న గుర్తు లేనప్పుడే మేలుకునేలా దాన్ని రాశారు. కానీ ఎక్కడ? ప్రేమ్‌కుమార్ కళ్యాణ్‌కు ఫోన్ చేశాడు.

"వీటన్నిటికీ మొదటి ఫైల్ ఏది?"

"వాడరేవు సార్. ఆ రేవు వేరే సిస్టమ్‌లోకి పోయింది. ఇప్పుడు వాడటం లేదండి."

"మరి తీసెయ్యలేదేంటి?"

"అమ్మో, తీసెయ్యకూడదండి. మా ఇళ్ళల్లో చీర నేయడం అయిపోయినా, పాత పడుగు కొస కాస్త మగ్గం మీదే వదిలేస్తాం. కొత్త పడుగు దారాలు దానికే అతుకుతాం. ఆ కొస తీసేస్తే దారాలన్నీ మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించుకోవాలి గదండీ. కోటిలింగం గారు కూడా మా నేతోళ్ళే. ఆయన కొత్త ఫైళ్ళన్నీ వాడరేవు ఫైల్ కొసకే అతికారు. సందేశం పంపే చివరి ముక్క ఇప్పటికీ అందులోనే ఉందండి."

అతుకు లేకుండా పడుగు మగ్గమే ఎక్కదు. ప్రేమ్‌కుమార్‌కు పుల్లమ్మ మాట గుర్తొచ్చింది. ఫైళ్ళన్నీ ఒకలాగే ఉన్నాయి, ఎందుకంటే అన్నీ ఒకే విషానికి అతికి ఉన్నాయి. చచ్చిందనుకుని ఎవరూ ఆ ఫైల్ తెరవలేదు. తనూ తెరవలేదు.

తెరిచాడు. చివర్లో నాలుగు వరసలు. అలర్ట్ ఎరుపైతే, టెస్ట్ కాకపోతే, తీరాన్ని తూర్పు చెయ్యి. అంతే. ఇంతమంది ప్రాణాలకు ఆ నాలుగు వరసలు చాలు.

పంపే ముక్కను తన కొత్త ఫంక్షన్‌లోకి మార్చాడు. ఆ నాలుగు వరసల్నీ చెరిపేశాడు. వాడరేవు ఫైల్‌ను డిలీట్ చేశాడు. కొత్త కోడ్ ఎక్కాలంటే లీడ్ వేలిముద్ర కావాలని స్క్రీన్ అడిగింది.

"ఆదిలక్ష్మిగారూ!"

ఆమె కదల్లేదు. అద్దాల తలుపు వైపు చూస్తోంది. బయట కుండపోత. ఆ వానలో ఒక పెద్దమనిషి తడుస్తూ వస్తున్నాడు. చేతిలో గొడుగు మడిచే ఉంది.

"ఆయనే," అంది గొణుగుతూ. "వేలు పెడితే నన్ను బతకనివ్వరు."

"పెట్టకపోతే ముత్యాలరావు బతకడు."

తలుపు తెరుచుకుంది. గొడుగు కొన పైకి లేచింది. ఆదిలక్ష్మి కళ్ళు మూసుకుని, "తమ్ముడూ," అంటూ బొటనవేలు వేలిముద్ర అద్దం మీద నొక్కింది. అదే క్షణంలో ప్రేమ్‌కుమార్ టిఫిన్ క్యారియర్ విసిరాడు. జామర్ పనిచేసిందో లేదో తెలియదు, దాని బరువు మాత్రం పనిచేసింది. పెద్దమనిషి నేల మీద పడ్డాడు. అతని మొహం నిండా పులిహోర.

గడియారం సున్నాకు చేరింది. స్క్రీన్ మీద సందేశం కదిలింది.

"తుఫాను. వెంటనే తీరానికి రండి."

చాలాసేపు ఏ జవాబూ లేదు. తర్వాత స్క్రీన్ మీద పడవ గుర్తుగా ఉన్న ఒక చుక్క పచ్చబడింది. దాని పక్కన ఇంకోటి. పడవలు తీరం వైపు తిరుగుతున్నాయి.

ఆదిలక్ష్మి నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

* * *

నిజాంపట్నం రేవులో ముత్యాలరావు తడిసి ముద్దయి దిగాడు. ఒడ్డున నిలబడ్డ ప్రేమ్‌కుమార్ పేరు పెట్టి పిలిస్తే దగ్గరికొచ్చాడు.

"బాబూ, మా అక్క వస్తుందనుకున్నానండీ. వచ్చిందా?"

కాస్త దూరంలో ఆగిన జీపులో, పోలీసుల మధ్య, ఆదిలక్ష్మి ఒళ్ళో చేతులు దాచుకుని కూర్చుని ఉంది. తమ్ముడి కాళ్ళు ఇసుక మీద ఆనడం చూసింది. జీపు పోనివ్వమని తనే చెప్పింది.

"వచ్చింది," అన్నాడు ప్రేమ్‌కుమార్. "నువ్వు దిగడం చూసే వెళ్ళింది." అంతకుమించి చెప్పడానికి అతనికి మనసొప్పలేదు.

అప్పుడు ఫోన్ మోగింది. కళ్యాణ్.

"సార్, శుభవార్తండి! పక్క రాష్ట్రం వాళ్ళు కూడా మన తీరరక్ష కావాలంటున్నారు. మీరు సర్దింది మాత్రం బ్రహ్మాండం సార్. ఆ ఫోల్డర్ మొత్తం కాపీ చేసి పేరు మార్చేస్తే చాలు గదండీ?"

ప్రేమ్‌కుమార్ చెవిలోంచి హియరింగ్ ఎయిడ్ తీసి జేబులో వేసుకున్నాడు. జీవితంలో మొదటిసారి, నిజంగానే చెవుడు వస్తే బాగుండుననిపించింది.