కమ్మరి మేర

డాక్టర్ కేశవయ్య మీద ఏజెంట్ దేవేంద్రప్పకు ఉన్న కోపం ఒక్కటే. చేనును చంపినందుకు కాదు. చంపిన తర్వాత ఒక్కసారైనా చూడటానికి రానందుకు.

1950లో కేశవయ్య ఆలూరు దగ్గరి దేవేంద్రప్ప చేనికి ఒక బూడిదరంగు పొడి పంపించాడు. కలుపుమందు అన్నాడు. ఆరు నెలల్లో విషం విరిగిపోతుంది, తర్వాత కలుపు ఉండదు, పంట విరగకాస్తుంది అన్నాడు. గరిక మొలవలేదు. కొర్రా మొలవలేదు. అడగడానికి కర్నూలు పోతే, ఆయన కుర్చీలోంచి లేవకుండానే జవాబు చెప్పాడు.

"మందు చేసింది నేను, చల్లింది నువ్వు. కత్తి చేసిన కమ్మరిని పట్టుకుని గొంతెందుకు తెగిందంటే వాడేం చెప్తాడప్పా?"

ఆ ఏడే దేవేంద్రప్ప నాగలి వదిలి రహస్య శాఖలో చేరాడు. చదివింది ఎనిమిది. శాఖకు కావలసింది చదువు కాదు, ఎవరికీ గుర్తుండని ముఖం. అది అతనికి ఉంది.

1955 మే నెల. కొత్త రాజధాని కర్నూలులో ఆఫీసులు ఇంకా గుడారాల్లోనే నడుస్తున్నాయి. అలాంటి ఒక గుడారంలో, తడిగుడ్డ మెడకు చుట్టుకుని, చీఫ్ బ్రీఫింగ్ ఇచ్చాడు.

"కేశవయ్య రేపు మధ్యాహ్నం కడపలో మద్రాసు రైలెక్కుతున్నాడు. పక్కన వాల్టన్ ఉంటాడు. పైకి ముగ్గురాయి కొనడానికొచ్చిన ఎంబసీ వాణిజ్య ప్రతినిధి. లోపల విదేశీ ముఠా మనిషి. ఆ పొడిని వాళ్లకు అమ్మబోతున్నాడు. మద్రాసులో ఓడ సిద్ధం."

"వాళ్లకు కలుపుమందెందుకు సార్?"

"విమానంలోంచి చల్లితే బాంబు అక్కర్లేదు. తిండి లేని దేశం తనంతట తానే పడుతుంది."

"అరెస్టు?"

"వాల్టన్‌ది డిప్లొమాటిక్ పాస్‌పోర్టు. కేశవయ్యను పట్టుకుంటే కోర్టు, పేపర్లు. పొడి సంగతి బయటికి పొక్కకూడదు. శాంపిల్ డబ్బా సంగతి మన ఏజెంట్ 'నెమలి' చూసుకుంటుంది. ఫార్ములా మాత్రం కేశవయ్య తలలోనే ఉంది. అతన్ని రైలు దించు. దిగకపోతే..."

చీఫ్ సైలెన్సర్ బిగించిన పిస్టల్‌ను బల్ల మీద పెట్టాడు. "బండి ప్లాట్‌ఫారం దాటకముందే."

దేవేంద్రప్ప పిస్టల్ అందుకున్నాడు. సంతోషం కలుగుతుందేమోనని చూసుకున్నాడు. కలగలేదు. బాధా కలగలేదు. ఎండిన బావిలోకి చేద దించినట్టుంది.

మరునాడు కడప స్టేషన్లో అతను సోడాలమ్మేవాడు. మెడకు వేలాడే పెట్టెలో గోలీసోడాలు. వాటి కింద తడి గోనెపట్టా. దాని కింద పిస్టల్.

"ఏమప్పా, ఇది సోడానా, చారా?" మూటల మీద కూర్చున్న ముసలమ్మ గదమాయించింది. "కాగిపోయిండాది!"

"ఎండ నేను తెచ్చింది కాదు కదమ్మా."

"మందు నువ్వే కదా తెచ్చింది!" అని ముసలమ్మ మిగతా సోడా తాగేసింది. కడుపుమందు అని అరిచి అమ్మింది అతనే మరి.

రైలు వచ్చింది. ఫస్ట్ క్లాసు పెట్టె దగ్గర సెంటు వాసన. సిల్కు చీర, నల్లకళ్లద్దాలు. సుందరలక్ష్మి, వాల్టన్ సెక్రటరీ. మన రహస్యాలు తనకు అమ్ముతోందని వాల్టన్ నమ్మకం. 'నెమలి' ఆమే.

"సోడాలో ఉప్పుందా?"

"ఉప్పు లేదు, జీలకర్ర ఉండాది."

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "డబ్బాలో పొడి మార్చేసినా. ఇప్పుడు దాంట్లో ఉండేది శ్రీశైలం విభూతి. మనిషే మిగిలినాడు. వాల్టన్ సంగతి నాకొదిలెయ్."

కేశవయ్య కిటికీ పక్కన, వాల్టన్ అవతలి సీట్లో కూర్చున్నారు.

"సోడా వద్దు, పో."

"సోడా కాదు సామీ. కమ్మరి మేర తెచ్చినా."

కేశవయ్య తల తిప్పాడు. "ఎవరప్పా నువ్వు?"

"ఆలూరు దేవేంద్రప్పను. కమ్మరి మాట మీరే అన్నారు. మా ఊర్లో కర్రు చేసిచ్చిన కమ్మరికి దుడ్లియ్యం. కళ్లంలో మేర కొలుస్తాం. చేను పండితే వానికీ గింజలు. ఎండితే వానింట్లోనూ పొయ్యి వెలగదు. అందుకే వాడు చేను చూసేకి వస్తాడు. మీరు రాలే. నేనే తెచ్చినా."

చిన్న గుడ్డమూట కిటికీలోంచి పెట్టాడు. విప్పితే ఎర్రమట్టి.

"ఏందిది?"

"నా చేను. దాంట్లో పండింది ఇదే."

"ఎప్పటి మట్టి?"

"నిన్న రాత్రిది. ఐదేండ్లు వాన పడినప్పుడల్లా కొర్ర చల్లినా. ముల్లుకంప గూడా లేయలే."

గార్డు ఈల వేశాడు. దేవేంద్రప్ప చెయ్యి గోనెపట్టా కిందికి పోయింది. కేశవయ్య మట్టిని వేళ్లతో నలిపి వాసన చూశాడు. ఆ ముఖంలో సిగ్గు కోసం దేవేంద్రప్ప వెతికాడు. కనిపించలేదు. వేలు ట్రిగ్గర్ మీదికి చేరింది.

"ఐదేండ్లా? కుదరదే! ఆరు నెలల్లో విరగాల కదా... యాడ తప్పినా? ఎంత లోతులో తీసినావ్ దీన్ని?"

"వచ్చి చూసుకోండి."

బండి కుదుపుతో కదిలింది. కేశవయ్య మూట గుప్పిట్లో పట్టుకుని తలుపు వైపు పరిగెత్తాడు. వెనకే లేచిన వాల్టన్ మీదికి సుందరలక్ష్మి పెద్ద సూట్‌కేసుతో సహా పడింది. డాక్టర్ దూకాడు. మోకాలు చీరుకుపోయింది. ఒక చెప్పు మద్రాసు పోయింది.

దేవేంద్రప్ప ట్రిగ్గర్ మీది వేలు తీశాడు. ఒక దేశం ఆకలి తప్పింది. ఒక మనిషికి సిగ్గొచ్చి కాదు, లెక్క తప్పి.

మరునాడు చేనిలో కేశవయ్య పొద్దుగూకేదాకా గొంతుక్కూర్చున్నాడు. తవ్వాడు, నలిపాడు, మళ్లీ తవ్వాడు. చివరికి ఒక్కటే మాట అన్నాడు.

"ఇంత బాగా పనిచేస్తాదనుకోలేదప్పా."

అది ఏడుపో గర్వమో దేవేంద్రప్పకు తెలియలేదు. అడగబుద్ధీ కాలేదు.

తర్వాత వాల్టన్ ముఠా ఎక్కడో విభూతి చల్లించి చూసిందట. గడ్డి ఏపుగా పెరిగిందట. సుందరలక్ష్మికి ప్రమోషన్ వచ్చింది. కేశవయ్యకు కర్నూలు పక్క కల్లూరులో అదే పొడి కోసం కొత్త లాబొరేటరీ వచ్చింది. ఈసారి మన సర్కారు ఖర్చుతో.

దేవేంద్రప్ప తన చేను సంగతి అడిగితే చీఫ్ తల ఎత్తకుండానే చెప్పాడు. అలాంటి పొడి ఎక్కడా లేదు, కాబట్టి దానివల్ల పోయిన చేనూ లేదు.

ఆ లేని చేను రెండెకరాల అరవై సెంట్లు.