ఎర్రగీత దగ్గర నిలబడ్డ మనిషి

"మీ బావని పట్టుకురమ్మని నిన్నే పంపడం నాకూ ఇష్టం లేదు," అన్నాడు బాస్, ఫొటో బల్ల మీదికి తోస్తూ.

షావుకారు ముఖంలో ఏమీ కనిపించనీయలేదు. షావుకారన్నది గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్ నేమ్. బయటి ప్రపంచానికి అతను ఫ్యాక్టరీలకు గాస్కెట్లు, వాల్వులు అమ్ముకునే వ్యాపారి. చేతిలో శాంపిల్ పెట్టె, పెట్టె అడుగున ట్రాన్స్‌మిటర్, చొక్కా బొత్తాంలో కెమెరా. సొంత అక్కకి కూడా అంతకు మించి తెలియదు. ఏ మనిషినైనా ముందు తూచి తర్వాత పలకరించడం అతని పద్ధతి. ఫొటోలోని మనిషిని మాత్రం ఇన్నేళ్ళూ తూచకుండానే నమ్మాడు. అక్క మొగుడు. రైల్వే యార్డు పక్కనున్న కెమికల్ ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జి.

బాస్ క్లుప్తంగా చెప్పాడు. ఒక విదేశీ ముఠా ఆ ఫ్యాక్టరీ మీద కన్నేసింది. అక్కడి పెద్ద రియాక్టర్ అదుపు తప్పి వేడెక్కితే వచ్చే విషవాయువు గోడ దాటి వర్కర్ల కాలనీ మీదికి పోతుంది. షావుకారు అక్క ఇల్లు ఆ కాలనీలోనే ఉంది. వేడి హద్దు దాటగానే లోపలికి వెళ్ళే రసాయనాన్ని దానంతటదే ఆపేసే ఏర్పాటు ఒకటుంది. దాన్ని ట్రిప్ అంటారు. ఆ ట్రిప్ పనిచెయ్యకుండా బావ తన చేతులతో బైపాస్ చేస్తున్న ఫొటో ఇది. తీసి పంపింది మేడమ్. ఆమె ముఠాలో ఉంటూ మనకి పనిచేసే డబుల్ ఏజెంట్, ఆ ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆడిటర్ వేషంలో ఉంది.

మేనేజ్‌మెంట్‌లో ఇంకెవరు అమ్ముడుపోయారో తెలియదు కాబట్టి అక్కడ ఎవరితోనూ నోరు విప్పకుండా మనిషిని ఎత్తుకు రమ్మని ఆర్డర్.

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ మెట్ల దగ్గర మేడమ్ ఎదురైంది. తెల్లకోటు, పెదవులకి ముదురు రంగు. హెల్మెట్ కూడా ఆమె తల మీద కిరీటంలా కూర్చుంది.

"పాత స్టాకు ఏమైనా మిగిలిందా?" అని అడిగింది.

"ఎండకి బీటలు వారింది. కొత్తది దించాలి," అన్నాడు షావుకారు. కోడ్ కుదిరింది.

రియాక్టర్ అంతస్తులో బావ రసాయనాన్ని లోపలికి వదిలే పెద్ద వాల్వు పక్కన నిలబడి, మీటరు మీంచి కన్ను తిప్పకుండా చూస్తున్నాడు. మఫ్టీలో వచ్చిన ఇద్దరు డిపార్ట్‌మెంట్ మనుషులు వర్కర్లని అవతలికి తోలేసి అతని చేతులకి బేడీలు వేశారు. షావుకారు శాంపిల్ పెట్టెతో మెట్ల మీదే ఉండిపోయాడు, దారిన పోయే వ్యాపారిలా.

బావ అతన్ని చూశాడు. ముఖం వెలిగింది.

"ఒరేయ్, దేవుడిలా వచ్చావు. ఏదో పొరపాటు జరిగింది, తేల్చుకుని వస్తా. అక్కకి చెప్పకు, కంగారు పడుతుంది. ఒక్క పని చెయ్యి. ఈ వాల్వు దగ్గర ఎవర్నయినా నిలబెట్టమని కంట్రోల్ రూమ్‌లో చెప్పు."

"సరే బావా," అన్నాడు షావుకారు.

చెప్పలేదు. దొంగ దొరికాక కూడా పెద్దమనిషి వేషం వదలడే అనుకున్నాడు. పైగా నోరు విప్పొద్దని ఆర్డర్. బావని ఎక్కించుకున్న జీపు బయల్దేరిన చప్పుడు వినిపించింది.

మేడమ్ అతన్ని అభినందించి గబగబా మెట్లు దిగింది. దిగుతూ పైకి చూసింది. గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డసంచి ఫ్యాక్టరీ కప్పు మీద కాలనీ వైపు ఎగురుతోంది. ఆమె కారు మాత్రం గాలికి ఎదురు దిక్కున, ముక్కు గేటు వైపు పెట్టుకుని ఉంది.

బేరం కుదిరినవాడు సరుకు వంక చూస్తాడు. దారి వంక చూసేది దగా చేసినవాడు.  షావుకారు కంట్రోల్ రూమ్‌లోకి వెళ్ళి, ఆ వాల్వు దగ్గర మనిషెందుకని ఆపరేటర్ని అడిగాడు.

వేడిని కొలిచే సెన్సర్ చెడిపోయి తప్పుడు లెక్కలు చూపిస్తోందట. ట్రిప్ ఊరికే పడి రియాక్టర్ ఆగిపోతుంటే, కొత్త సెన్సర్ వచ్చేదాకా బైపాస్ చేశారట.

"ఇక్కడ బైపాస్ పెట్టినవాడే వాల్వు దగ్గర కాపలా ఉండాలండీ. అక్కడి మీటరు సరిగానే ఉంది, అది చూస్తూ వేడెక్కితే చేత్తో వాల్వు మూసి, ట్రిప్ చేసే పని తను చేస్తాడు. ఇన్‌చార్జిగారు కదలరు, అన్నం కూడా అక్కడే. ఆడిటర్ మేడమ్‌గారు చూసి సరే అన్నాకే పెట్టారు."

"ఇప్పుడక్కడ ఎవరూ లేరు," అన్నాడు షావుకారు.

ఆపరేటర్ వాల్వు మూసే బటన్ నొక్కాడు. దీపం వెలిగింది, వాల్వు కదల్లేదు. రియాక్టర్‌ని చల్లబరిచే నీళ్ళూ ఆగిపోయి ఉన్నాయి. పొద్దుటి ఇన్‌స్పెక్షన్‌లో మేడమ్ అన్నీ చక్కబెట్టుకునే పోయింది. ఆపరేటర్ పంపుల వైపు పరిగెత్తాడు. షావుకారు పెట్టె వదిలేసి, ట్రాన్స్‌మిటర్ చేతపట్టుకుని గేటు మూయమనీ, జీపు వెనక్కి తిప్పమనీ అరుస్తూ మెట్లెక్కాడు.

మీటరు ముల్లు ఎర్రగీతకి దగ్గరగా వణుకుతోంది. వాల్వు చక్రం చెయ్యి కాలిపోయేంత వేడిగా ఉంది. బలమంతా పెట్టినా సగం తిరిగి బిగుసుకుంది. ఇలాంటి వాల్వులు ఎన్ని అమ్మాడో లెక్క లేదు. ఒక్కటీ తిప్పి ఎరగడు.

వెనక అడుగుల చప్పుడు. బావ బేడీలతోనే పరిగెత్తుకొచ్చి చక్రం పట్టుకున్నాడు. కట్టేసిన చేతులకి పట్టు చిక్కలేదు.

షావుకారు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత తన జేబులోంచి బేడీల తాళంచెవి తీశాడు.

బావ ఆ తాళంచెవిని చూశాడు. అది తీసిన చేతిని చూశాడు. ఏమీ అడక్కుండా చేతులు ముందుకు చాచాడు.

నాలుగు చేతులూ ఒకే చక్రం మీద పడ్డాయి. చర్మం కమిలింది. చక్రం కిర్రుమంటూ చివరిదాకా తిరిగింది. ముల్లు ఎర్రగీతని ఆనుకుని ఆగింది. కింద పంపు మొదలైన చప్పుడు వచ్చాక, బద్ధకంగా వెనక్కి జరిగింది.

గేటు దగ్గర మేడమ్ దొరికింది. హ్యాండ్‌బ్యాగులో గ్యాస్ మాస్కు, పౌడర్ డబ్బాలో వైర్‌లెస్. చేతులకి బేడీలు పడుతుంటే నవ్వింది.

"నీళ్ళు ఆపడం చిన్న పని, షావుకారూ. ఆ మనిషిని అక్కణ్ణుంచి కదిలించడమే మా వల్ల కాలేదు. నువ్వు ఊరికే చేసిపెట్టావు."

 షావుకారు జీవితంలో ఎన్నో బేరాల్లో మోసపోయాడు గానీ, తనే సరుకుగా అమ్ముడుపోవడం ఇదే మొదలు.

పైకి వచ్చేసరికి బావ కమిలిన చేతులు నీళ్ళ కింద పెట్టుకుని ఉన్నాడు.

"నా మీద అనుమానం వచ్చింది, నన్ను తీసుకుపోయావు. సరే, అది నీ ఉద్యోగం," అన్నాడు తలెత్తకుండా. "నా బదులు ఇంకొకణ్ణి నిలబెట్టమన్నానే. అదేం బరువు మాట రా? మీ అక్క కూడా ఆ కాలనీలోనే ఉందిగా."

"బావా..."

"చెయ్యి ఇలా పెట్టు. బొబ్బలెక్కుతుంది."

షావుకారు తన చెయ్యి కూడా ఆ నీళ్ళ కింద పెట్టాడు. బావ తిట్టినా బాగుండేది.

బాస్ ఫోన్ చేసి మిషన్ సక్సెస్ అన్నాడు, మెడల్‌కి సిఫార్సు చేస్తానన్నాడు. షావుకారు ఊఁ కొట్టాడు. సాయంత్రం కాలనీలో పిల్లలు గోల చేస్తూ ఆడుకుంటుంటే వాళ్ళ మధ్యనుంచి నడిచి అక్క ఇంటి ముందు ఆగాడు. దేశదేశాల సరిహద్దులు ఎవరెవరి వేషాల్లోనో దాటినవాడే. ఆ గుమ్మం దాటడానికి మాత్రం, తమ్ముడి వేషం తనకిక నప్పుతుందో లేదో తేల్చుకోలేక, చాలాసేపు చెప్పులు విప్పుతూనే ఉన్నాడు.