టీవీ సౌండు పెంచిందెవరు?

పొద్దున్నే కూతురు తన ఫోను తెచ్చి తండ్రి బల్లమీద పెట్టింది. నలభై ఏళ్లుగా రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసిన బల్ల అది. భార్య పోయాక ఆయన తిండి కూడా దానిమీదే.

"మా ఆయనకు తెలియకుండా రికార్డు చేశాను నాన్నా. పదింటికి లాయరమ్మకు వినిపించాలి. మాటలు తెలుస్తున్నాయో లేదో చూడండి."

ఇయర్‌ఫోన్లు తగిలించుకున్నాడు. అల్లుడి బూతులు. గిన్నె కిందపడ్డ చప్పుడు. చెంపదెబ్బ. "కొట్టకండి" అని కూతురి గొంతు. ఆ వెంటనే, పక్కగదిలో టీవీలో వార్తలు చదివే గొంతు ఒక్కసారిగా పెద్దదైంది.

ఆయన చెయ్యి ఆగిపోయింది. పోయిన నెల తాను కూతుర్ని చూడటానికి వాళ్లింటికి వెళ్లిన రోజది. మొగుడూ పెళ్లాల గొడవలో మనమెందుకు వేలు పెట్టడమని రిమోటు నొక్కింది తనే.

"టీవీ గోల ఎక్కువుంది. అక్కడ కాస్త కోసి శుభ్రం చేస్తా."

"వద్దు. చాటుగా తీసింది చెల్లుతుందా అని అడిగితే, కోర్టులో వింటారు గానీ ముక్క కోస్తే మొత్తానికే నమ్మరంది లాయరమ్మ. ఫోను కూడా అలాగే ఇవ్వాలట."

"నేను వేసిన అతుకు బ్రహ్మకైనా దొరకదే!"

"అటువాళ్లు అనబోయేదీ అదే. మామ మెకానిక్కు, అతికించాడని."

ఆయన ఇయర్‌ఫోన్ల వైరు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టిందే మళ్లీ చుట్టాడు.

"ఆ గోల ఎవరిదో నాకు తెలుసు నాన్నా. మీరొస్తారని తలుపువైపే చూశాను."

ఆమె ఏడవలేదు. ఏడ్చినా బాగుండుననిపించింది ఆయనకు.

పదింటికి తన ఆఫీసులో లాయరమ్మ మొత్తం విని, కళ్లజోడు తీసింది. "టీవీ సౌండు పెంచిందెవరు?"

"దానంతటదే..." అంది కూతురు.

"నేనే" అన్నాడాయన. "చెంపదెబ్బ విన్నాను. విని పెంచాను. రాసుకోండి."

"కోర్టులోనూ ఇదే చెప్పాల్సి వస్తుంది. వాళ్ల లాయరు నలుగురిలో మీ పరువు తీస్తాడు."

"ఉంటే తియ్యనివ్వండి."

మెట్లు దిగుతూ ఆయన గోడ పట్టుకున్నాడు. క్షమించమని అడగలేదు, అడిగే మొహం లేదు. కన్నీళ్లు మాత్రం ఆగలేదు. కూతురు నాలుగు మెట్లు ముందుకెళ్లి, ఆగి, వెనక్కొచ్చి చెయ్యి అందించింది.

"పొద్దున్నుంచీ ఏమైనా తిన్నారా?"

"లేదు."

"పదండి. తిందాం."

అంతా మరిచిపోయిందని కాదు. ఆ రోజు గదిలోంచి కదలని ఆయన ఈసారి ఆమె కోసం నోరు విప్పాడు, అంతే.